హైస్కూలు దాటని కుర్రాడు.. మబ్బులో మంచు పుట్టించాడు

ఎండాకాలంలో మీ హాస్టల్ పక్క కూల్‌డ్రింక్ షాపులో ఈ వింత చూసే ఉంటారు. డీప్ ఫ్రీజర్లోంచి తీసిన నీళ్ల సీసా చేతిలోకి వచ్చేదాకా మామూలు నీళ్లలాగే ఉంటుంది. మూత తిప్పగానే, లేదంటే బల్ల మీద టక్కున పెట్టగానే, పైనుంచి కిందికి తెల్లగా గడ్డకట్టుకుంటూ పోతుంది. షాపాయనకు అది రోజూ చూసే సంగతే. మీరూ ఒక నవ్వు నవ్వి, కరిగాక తాగేసి ఉంటారు.

ఆ సీసాలో జరిగిందేమిటంటే, మూత తీయకముందే నీళ్లు సున్నా డిగ్రీల కంటే చల్లబడిపోయాయి. అయినా గడ్డకట్టలేదు. నీటికి గడ్డకట్టడానికి చల్లదనం ఒక్కటే చాలదు, మొదటి మంచు స్ఫటికం పుట్టడానికి ఓ ఆధారం కావాలి. చిన్న ధూళి రేణువో, ముందే ఉన్న మంచు ముక్కో, ఒక కుదుపో. అది దొరికేదాకా నీరు ద్రవంగానే ఆగి ఉంటుంది. ఇలాంటి నీటినే అతిశీతల నీరు, ఇంగ్లిష్‌లో సూపర్‌కూల్డ్ వాటర్ అంటారు. దీన్ని మొదట రాతలో పెట్టింది థర్మామీటర్ ఫారెన్‌హీట్, 1724లో.

ఇప్పుడు షాపు బయటికొచ్చి తలెత్తండి. వానాకాలంలో అనంతపురం మీదుగా వెళ్లే పెద్ద మబ్బుల్లో, నేలకు సుమారు 5 కిలోమీటర్ల పైన, ఉష్ణోగ్రత సున్నాకు పడిపోతుంది. ఆ పైన మబ్బులో ఉన్నదంతా మంచే అనుకుంటాం. కాదు. మైనస్ 10, మైనస్ 15 డిగ్రీల్లో కూడా కోట్లాది చుక్కలు ద్రవంగానే తేలుతుంటాయి, ఆ సీసాలో నీళ్లలాగే. వాటి మూత తీసే మార్గం కనిపెట్టిన మనిషి గురించే ఈ వారం. ఆయన పేరు విన్సెంట్ షేఫర్. పీహెచ్‌డీ లేదు, డిగ్రీ లేదు. హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు.

ఒక్కమాట ముందే చెప్పేస్తాను. చదువు మానేసినా గొప్పవాళ్లు కావచ్చని చెప్పే వాట్సాప్ కథ కాదిది. షేఫర్ చదువు మీద విసుగుతో బడి మానలేదు. ఇంట్లో డబ్బుల్లేక మానాడు. అనంతపురం జిల్లాలో ఈ రెండింటి మధ్య తేడా వివరించి చెప్పక్కర్లేదు. శెనక్కాయ పంట పోయిన ఏడాది ఎంతమంది బెంగళూరు బస్సెక్కారో మీ క్లాసులోనే లెక్క దొరుకుతుంది.

లేత్ మెషీన్ దగ్గర మొదలు

షేఫర్ 1906 జులై 4న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ అనే ఊళ్లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు. ఆ ఊరికి బతుకుదెరువు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. మన గుంతకల్లుకు రైల్వే ఎలాగో, స్కెనెక్టడీకి జీఈ అలాగ. 1922లో, పదహారేళ్లప్పుడు, తల్లిదండ్రులు ఇంటి ఖర్చుకు ఆసరా కమ్మన్నారు. స్కూలు వదిలేసి జీఈలో మెషినిస్టుగా నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్‌లో చేరాడు. లోహం కోయడం, చిత్రిక పట్టడం, గీసిచ్చిన బొమ్మను వస్తువుగా మార్చడం. ఐటీఐలో ఫిట్టర్, టర్నర్ ట్రేడు చదివినవాళ్లకు ఈ పనేంటో బాగా తెలుసు.

కానీ కుర్రాడి మనసు కొండల్లో ఉండేది. సెలవు దొరికితే అడవి, నడక, మంచు. కొన్నాళ్లకు ఫ్యాక్టరీ గోడల మధ్య ఉక్కపోత తట్టుకోలేక చెట్ల వైద్యం నేర్పే ఒక సంస్థలో చేరాడు. పెద్ద చెట్ల జబ్బు కొమ్మలు కోసి, తొర్రలు పూడ్చి బతికించే పని. ఆరుబయట పని కాబట్టి ఇష్టంగానే చేశాడు, కానీ అందులో నిలదొక్కుకోలేదు. మళ్లీ జీఈకే వచ్చాడు. ఈ కాస్త దారి తప్పడాన్ని ఆయన జీవితచరిత్రల్లో రెండు లైన్లలో దాటేస్తారు. నాకైతే అది ముఖ్యమనిపిస్తుంది. ఇరవై మూడేళ్లకు రెండు ట్రేడులు నేర్చి, ఒకటి వదిలేసి, వెనక్కి తిరిగి వచ్చిన కుర్రాడు మీ రూమ్మేట్‌లాగే ఉంటాడు కదా.

1929లో అతను తిరిగి చేరింది మామూలు షాపు కాదు, జీఈ పరిశోధనశాలకు పరికరాలు తయారుచేసే వర్క్‌షాపు. శాస్త్రవేత్తలు కాగితం మీద ఏదో గీసి పంపుతారు, దాన్ని చేసివ్వాలి. అలా పంపేవాళ్లలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఒకరు. 1932లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న పెద్దాయన. లాంగ్‌మ్యూర్‌కీ కొండలెక్కే పిచ్చి ఉండేది. ఆయనకూ, ఆయన సహచరి కాథరిన్ బ్లాడ్జెట్‌కూ కావాల్సిన పరికరాలు షేఫర్ చేసిచ్చేవాడు. ఇచ్చిన బొమ్మను ఉన్నదున్నట్టు చేసి పడేయకుండా, ఈ పరికరంతో వీళ్లు ఏం కొలవాలనుకుంటున్నారో ఆలోచించి చేసేవాడు. నోబెల్ వచ్చిన ఏడాదే లాంగ్‌మ్యూర్ అతన్ని తన సహాయకుడిగా రమ్మన్నారు. 1938 నాటికి షేఫర్ సొంతంగా ప్రయోగాలు చేసుకునే రిసెర్చ్ అసోసియేట్ అయ్యాడు.

పదహారేళ్లు పట్టింది, లేత్ నుంచి లాబొరేటరీకి. మధ్యలో ఏ సర్టిఫికెట్టూ లేదు. అప్రెంటిస్‌షిప్ అంటే ఉద్యోగం దొరకనివాళ్లు చేరేదనే చిన్నచూపు మనకుంది. ఆ చూపు ఎక్కణ్నుంచి వచ్చిందో గానీ, షేఫర్ కథ చదివాక నిలబడదు.

రేకు మీద మంచుపువ్వు

సొంతంగా ఏం చెయ్యాలో తేల్చుకోమంటే షేఫర్ ఎంచుకున్నది మంచుపువ్వులను. చలికాలంలో ఆకాశం నుంచి రాలే ఒక్కో మంచుపువ్వు ఆరు కోణాల నగలాగ ఉంటుంది. చేతిలోకి తీసుకునేలోపు కరిగిపోతుంది. ఫొటో తీయొచ్చు, కానీ వస్తువుగా దాచలేం. 1940 ప్రాంతంలో ఆయన దానికొక ఉపాయం కనిపెట్టారు. ఒకరకం ప్లాస్టిక్‌ను ద్రావకంలో పలచగా కలిపి, దాన్ని గడ్డకట్టే చలిలోనే ఉంచి, పువ్వు మీద పూత పూసేవారు. ద్రావకం ఆరిపోతుంది, లోపలి మంచు ఆవిరైపోతుంది, పలచటి ప్లాస్టిక్ అచ్చు మిగులుతుంది. జులైలో కూడా జనవరి మంచుపువ్వును మైక్రోస్కోపు కింద పెట్టుకోవచ్చన్నమాట. చూడ్డానికి హాబీలాంటి పని. ఐదేళ్ల తర్వాత అదే పనికొచ్చింది.

ఈలోపు రెండో ప్రపంచయుద్ధం. షేఫర్, లాంగ్‌మ్యూర్ మొదట గ్యాస్ మాస్కుల వడపోతలపై పనిచేశారు. పొగను ఆపాలంటే ముందు పొగను తయారుచేయాలి కదా, అలా పొగ గురించి తెలిసింది. ఆ తెలివితో నూనెను ఆవిరిచేసి లోయలకు లోయలనే కప్పేసే పొగ యంత్రం చేశారు. 1942లో తెల్లవారుజామున న్యూయార్క్ రాష్ట్రంలో వ్రూమన్స్ నోస్ అనే కొండ మీద సైనికాధికారులను నిలబెట్టి, కింది లోయను మాయం చేసి చూపించారు. పొగలో ఉండేవీ మబ్బులో ఉండేవీ రెండూ కంటికి ఆనని చుక్కలే. దారి అటే పోతోంది.

తర్వాత వచ్చిన పని విమానాల గురించి. మంచు మేఘాల్లోంచి వెళ్తున్న విమానాల రేడియోలు గరగరమని పనిచేయకుండా పోయేవి, రెక్కల మీద మంచు పేరుకునేది. కారణం తెలుసుకోవడానికి న్యూహాంప్‌షైర్‌లో 1,917 మీటర్ల ఎత్తున్న మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీద ప్రయోగాలు పెట్టారు. భయంకరమైన గాలులకు పేరుపడ్డ చోటది. అక్కడ బయట పెట్టిన ఏ పరికరమైనా నిమిషాల్లో మంచు తొడుక్కునేది. ఆకాశం నుంచి మంచు పడకపోయినా సరే. శిఖరాన్ని ఒరుసుకుంటూ వెళ్లే మబ్బులో చుక్కలు సున్నా కంటే బాగా చల్లగా, కానీ ద్రవంగా ఉన్నాయి. దేన్ని తాకితే దానిమీద ఠక్కున గడ్డకట్టేస్తున్నాయి. ఇద్దరూ కొలతలు పక్కనపెట్టి ఒకే ప్రశ్న పట్టుకున్నారు. ఇంత చల్లటి మబ్బు మొత్తం ఒకేసారి మంచుగా ఎందుకు మారిపోవడం లేదు?

వానకు మంచుతో పనేంటి అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, జాగ్రఫీ పేపర్‌కూ పనికొస్తుంది. మబ్బులో ఒక చుక్క వెడల్పు సుమారు 20 మైక్రాన్లు, మీ వెంట్రుక మందంలో మూడో వంతో నాలుగో వంతో. అది పడదు, తేలుతుంది. 2 మిల్లీమీటర్ల వానచుక్క ఒకటి తయారవ్వాలంటే అలాంటివి 10 లక్షలు కలవాలి. ఎలా కలుస్తాయి? ఒక దారి, పెద్ద చుక్కలు చిన్నవాటిని గుద్దుకుంటూ కలుపుకోవడం. రెండో దారిని 1911లో ఆల్‌ఫ్రెడ్ వెగనర్ సూచించారు (ఖండాలు కదులుతాయన్న ఆ వెగనరే), 1930ల్లో బెర్జెరాన్ వివరించారు. అతిశీతల చుక్కల గుంపులో ఒక్క మంచు స్ఫటికం ఉంటే చాలు. ఒకే చల్లదనం దగ్గర నీటి కంటే మంచు మీద ఆవిరి పీడనం తక్కువ. అందువల్ల గాలిలోని తేమ మంచు మీదికి చేరిపోతుంది, చుట్టుపక్కల చుక్కలు ఆవిరై ఆ లోటు భర్తీ చేస్తాయి. చుక్కలు తగ్గిపోతూ, స్ఫటికం పెరిగిపోతూ, చివరికి బరువెక్కి పడుతుంది. దారిలో వెచ్చటి గాలి తగిలితే కరిగి వానవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన చీనీ, అరటి తోటల మీద పడే వడగళ్లూ ఈ అతిశీతల నీటి పనే. పైకీ కిందికీ ఊగే మంచు గుళికల మీద అతిశీతల చుక్కలు పొరలు పొరలుగా గడ్డకట్టి వడగండ్లవుతాయి.

సమస్య ఏమిటంటే, ఆ మొదటి స్ఫటికం అంత తేలిగ్గా పుట్టదు.

జులై వేడి చేసిన మేలు

యుద్ధం అయ్యాక షేఫర్ మబ్బును గదిలోకి తెచ్చుకున్నారు. జీఈ వాళ్లు ఇళ్లకమ్మే, పైకి మూత తెరిచే ఫ్రీజర్ పెట్టె తీసుకుని లోపల నల్ల వెల్వెట్ గుడ్డ పరిచారు. పైనుంచి ఒక లైటు పెట్టారు. అందులోకి నోటితో ఊపిరి వదిలితే చాలు, మబ్బు తయార్. నల్లటి వెనక తెరమీద లైటు వెలుగులో చుక్కలు పొగలా కనిపించేవి. మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా అవి చుక్కలే. ఇక వాటిని మంచుగా మార్చే పొడి కోసం వెతుకులాట. టాల్కం, గంధకం, అగ్నిపర్వత ధూళి, దొరికిన పొడులన్నీ చల్లి చూశారు. వారాల తరబడి ఏమీ లేదు. ఖర్చు విషయానికొస్తే, ఈ ప్రయోగశాలను మన పాలిటెక్నిక్ కాలేజీలో కూడా పెట్టుకోవచ్చు.

1946 జులైలో ఓ రోజు బయట ఎండ మండుతోంది. ఫ్రీజర్ కావాల్సినంత చల్లబడటంలేదు. పని త్వరగా కావాలని షేఫర్ డ్రై ఐస్ ముక్క, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, తెచ్చి పెట్టెలో వేశారు. దాని ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీలు. పెట్టెను చల్లబరచడానికే గానీ ప్రయోగంగా కాదు. వేసిన క్షణంలో లైటు వెలుగులో లక్షల మెరుపులు. పొగలాంటి మబ్బు కాస్తా మిలమిలలాడే మంచు స్ఫటికాలైపోయింది. ముక్క తీసేసినా కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

చాలామంది ఇక్కడ అదృష్టం అని ఆగిపోతారు. అదృష్టమే, కాదనను. అయితే ఆ మెరుపు ఎండుమంచు పొగ కాదనీ, నీటి స్ఫటికాలనీ చూడగానే గుర్తుపట్టాలంటే, ఆ ఆకారాలను ఏళ్లతరబడి అచ్చులు తీసిన కళ్లు ఉండాలి. ఆపైన ఆయన చేసింది ఇంకా పెద్ద పని. డ్రై ఐస్‌లో ఏదో రసాయన గుణం ఉందేమోనన్న అనుమానాన్ని మిగలనివ్వలేదు. బాగా చల్లబరిచిన సూదిని మబ్బులో తిప్పి చూశారు, అదే ఫలితం. రసాయనంతో పనిలేదు, చల్లదనమే కారణం. సుమారు మైనస్ 40 డిగ్రీలకు దిగితే మబ్బు చుక్కలకు ఏ ఆధారమూ అక్కర్లేదు, వాటంతటవే గడ్డకట్టేస్తాయి. ఆ హద్దు అలా బయటపడింది. (సెల్సియస్, ఫారెన్‌హీట్ స్కేళ్లు కలిసేది కూడా మైనస్ 40 దగ్గరే. ఈ బిట్ ఎక్కడో తగిలే ఉంటుంది మీకు.)

నవంబరు 13న అసలు మబ్బు మీద పరీక్ష. చిన్న అద్దె విమానం, కర్టిస్ టాల్బట్ పైలట్, వెనక సీట్లో డ్రై ఐస్‌తో షేఫర్. మసాచుసెట్స్ సరిహద్దు దగ్గర, సుమారు 4 వేల మీటర్ల ఎత్తున, ఒంటరిగా ఉన్న మబ్బును ఎంచుకుని 5 కిలోమీటర్ల పొడవునా చల్లారు. కింద స్కెనెక్టడీ విమానాశ్రయం నుంచి లాంగ్‌మ్యూర్ చూస్తున్నారు. నిమిషాల్లో మబ్బు పొట్టలోంచి మంచు తెరలు వేలాడాయి. అది నేలకు చేరలేదు. కింద గాలి పొడిగా ఉండటంతో కొన్ని వందల మీటర్లు పడి ఆవిరైపోయింది. మబ్బు కింద వాన తీగల్లా వేలాడి, నేలను తాకకుండా మాయమవడం రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు వాళ్లకు అలవాటైన దృశ్యమే.

సరిగ్గా మర్నాడే అదే లాబ్‌లో మరో సంగతి జరిగింది. బెర్నార్డ్ వానగట్ అనే యువ శాస్త్రవేత్త, ఎంఐటీ డాక్టరేట్, షేఫర్‌లాగ పొడులన్నీ చల్లుకుంటూ పోలేదు. స్ఫటికాల కొలతల పట్టికలు ముందేసుకుని, మంచు అమరికకు దగ్గరగా ఉండే పదార్థమేదో వెతికారు. సిల్వర్ అయొడైడ్ దొరికింది. ముందు పనిచేయలేదు, తెచ్చిన సరుకులో కల్తీ ఉంది. స్వచ్ఛమైనది తెస్తే పనిచేసింది. మైనస్ 5 డిగ్రీల ప్రాంతం నుంచే నీటిని మంచుగా మార్చగలదది. ఇప్పటికీ ప్రపంచమంతా మబ్బుల మీద చల్లేది దాన్నే. ఆయన తమ్ముడే నవలాకారుడు కర్ట్ వానగట్. అదే కంపెనీ ప్రచార విభాగంలో పనిచేసి, తర్వాత 1963లో, ప్రపంచంలో నీళ్లన్నింటినీ గడ్డకట్టించేసే ఒక ఊహా పదార్థం మీద నవల రాశారు. చేతిపని తెలిసిన షేఫర్, పుస్తకం తెలిసిన బెర్నార్డ్, ఇద్దరూ ఒకే గుమ్మం ముందుకు వేర్వేరు దారుల్లో వచ్చారు. ఏది గొప్పదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. లాబ్‌కు మాత్రం ఇద్దరూ కావాల్సి వచ్చింది.

చిక్కు మొదలైంది ఇక్కడే

1946 డిసెంబరు 20న షేఫర్ మళ్లీ చల్లారు. ఆ రోజే న్యూయార్క్ రాష్ట్రంలో భారీగా మంచు కురిసి రోడ్లు మూసుకుపోయాయి. వాతావరణ శాఖ ఆ మంచు ఎలాగూ పడబోతోందని అంది. లాంగ్‌మ్యూర్ తమ పనే కావచ్చన్నారు. ఎవరైనా నష్టపరిహారం కోసం కోర్టుకెక్కితే? జీఈ లాయర్లు కంగారుపడ్డారు. 1947 ఫిబ్రవరి నుంచి పని సైన్యం చేతిలోకి వెళ్లి ప్రాజెక్ట్ సిర్రస్ అయ్యింది. విమానాలు సైన్యానివి, జీఈ వాళ్లు సలహాలకు మాత్రమే. ఆ ప్రాజెక్టులోనే 1948లో పరుపులాంటి చల్లటి మబ్బు మీద రేసుకోర్సు ఆకారంలో డ్రై ఐస్ చల్లితే, మబ్బు అదే ఆకారంలో విడిపోయింది. ఆ ఫొటో చూస్తే సందేహం ఉండదు, మనిషి మబ్బును మార్చగలడు.

మార్చగలడు సరే, వాన తెప్పించగలడా? 1947 అక్టోబరు 13న అట్లాంటిక్‌లో తిరిగిపోతున్న ఓ తుపాను మీద 80 కిలోల డ్రై ఐస్ చల్లారు. తుపాను దిశ మార్చుకుని జార్జియా రాష్ట్రంలో సవన్నా దగ్గర తీరాన్ని తాకింది. జనం మండిపడ్డారు. 1906లో ఒక తుపాను దాదాపు ఇదే దారి పట్టిందనీ, ఇది కూడా చల్లకముందే తిరగడం మొదలుపెట్టిందనీ తర్వాతి పరిశీలనల్లో తేలింది. అయినా కొన్నేళ్లపాటు తుపానుల జోలికి ఎవరూ పోలేదు. లాంగ్‌మ్యూర్ మాత్రం న్యూ మెక్సికోలో వారం వారం సిల్వర్ అయొడైడ్ వదిలి, దాంతో దేశం తూర్పు వైపు వానలు వారాల లెక్కన పడుతున్నాయని వాదించారు. వాతావరణ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆయన 1957లో పోయేదాకా ఆ మాట మీదే ఉన్నారు. నోబెల్ వచ్చినవాళ్లు కూడా తమకు కావాల్సిన క్రమాన్నే అంకెల్లో చూసుకుంటారని ఈ ఘట్టం చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఈ గొడవ మనకెందుకంటారా? అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా సమయానికి పడదు. 2004లో, ఆ తర్వాత కొన్నేళ్లలో, రాష్ట్ర ప్రభుత్వం జేఎన్‌టీయూ ఆధ్వర్యంలో ఇక్కడ మేఘమథనం చేయించింది. మీరప్పటికి పుట్టి ఉండరేమో, మీ నాన్నను అడగండి. కిందిపాటి వెచ్చటి మబ్బుల్లో కాల్షియం క్లోరైడ్‌లాంటి ఉప్పు, సున్నా డిగ్రీల గీత దాటి పెరిగిన మబ్బుల్లో సిల్వర్ అయొడైడ్. రెండోది అచ్చంగా ఆ స్కెనెక్టడీ ఫ్రీజర్ పెట్టెలో పుట్టిన ఆలోచనే. విమానం పోయాక వాన పడితే మథనం వల్లే అన్నారు. పడకపోతే డబ్బు దండగ అన్నారు. రెండు మాటలూ తొందరపాటువే. చల్లకపోయినా ఆ మబ్బు కురిసేదేమో ఎవరు చెప్పాలి? అది తేలాలంటే ఒకేలాంటి మబ్బుల్లో కొన్నింటిపై చల్లి, కొన్నింటిని వదిలేసి, ఏది ఏదో ముందే చీటీ తీసినట్టు నిర్ణయించుకుని, ఏళ్లపాటు లెక్కగట్టాలి.

మన దేశంలో ఆ లెక్క కట్టింది పుణెలోని ఐఐటీఎం, భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ. మనలాగే వర్షచ్ఛాయలో ఉన్న సోలాపూర్ దగ్గర 2018, 2019 వానాకాలాల్లో ప్రయోగాలు చేసి, చల్లిన చోటుకు గాలివాలులో 100 చదరపు కిలోమీటర్ల పరిధిలో సగటున 18 శాతం దాకా వాన పెరిగిందని 2023లో ప్రచురించింది. తగిన మబ్బులు ఉన్నప్పుడే సుమా. మబ్బే లేని ఆకాశంలో ఏ మందూ పనిచేయదు. శెనక్కాయ ఊడలు దిగేవేళ ఆకాశం ఖాళీగా ఉంటే విమానం చేసేదేం లేదు. 18 శాతం పెరిగితే అనంతపురానికి ఎంత మేలు, దానికయ్యే ఖర్చుతో చెరువులు పూడిక తీస్తే ఎంత మేలు అన్నది వేరే లెక్క. అది కూడా ఎవరైనా చేయాల్సిందే.

ఈ రంగం వైపు చూసేవాళ్లకు కొన్ని దారులు చెప్తాను. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో డిగ్రీ చేసినవాళ్లకు విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం పీజీ ఉంది. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ 2017లో, 2022లో నోటిఫికేషన్లు ఇచ్చింది. ఫిజిక్స్‌తో డిగ్రీవాళ్లతోపాటు కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకూ అవకాశమిచ్చారు. రోజూ వచ్చే నోటిఫికేషన్ కాదు, వచ్చినప్పుడు వదలకండి. ఇక రాడార్లు, బెలూన్లు, వర్షమాపకాలు బాగుచేసే చేతులు లేకపోతే ఏ సైంటిస్టూ ఏదీ కొలవలేడు. డిప్లొమా, ఐటీఐ వాళ్లు తమకు సంబంధం లేదనుకోవద్దు.

డిగ్రీలేని ప్రొఫెసర్

షేఫర్ 1948లో నోటర్‌డామ్ యూనివర్సిటీ నుంచి గౌరవ డాక్టరేట్ అందుకున్నారు. 1954లో జీఈ వదిలి, మునిటాల్ప్ అనే వాతావరణ పరిశోధన ఫౌండేషన్‌కు వెళ్లారు. ఆ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో వెనక్కి చదివితే ప్లాటినం వస్తుంది. అడవుల్లో పిడుగుల వల్ల అంటుకునే మంటలను తగ్గించొచ్చేమోనని అమెరికా అటవీశాఖతో కలిసి పనిచేశారు. 1960లో న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ ఆల్బనీలో వాతావరణ పరిశోధన కేంద్రం మొదలైతే అందులో చేరి, తర్వాత దానికి డైరెక్టరై, 1976 వరకు ఉన్నారు. పీహెచ్‌డీ విద్యార్థులకు దారిచూపిన మనిషి హైస్కూలు దాటలేదంటే మన యూనివర్సిటీల్లో నియామక నిబంధనలు చదివినవాళ్లకు నమ్మకం కుదరదు. అప్పటి అమెరికాలో కూడా అది అరుదే.

నాకు వీటన్నింటికంటే నచ్చింది ఎల్లోస్టోన్ ముచ్చట. 1960లు మొత్తం, ఏటా చలికాలంలో ఆయన కొందరు శాస్త్రవేత్తలను, విద్యార్థులను వెంటేసుకుని ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు వెళ్లేవారు. అక్కడ భూమిలోంచి వేడినీటి ఊటలు ఎగజిమ్ముతుంటాయి. చుట్టూ గడ్డకట్టే చలి. ఆవిరి బయటికి రాగానే అతిశీతల మబ్బవుతుంది. విమానమూ అక్కర్లేదు, ఫ్రీజరూ అక్కర్లేదు. మబ్బులోకి నడుచుకుంటూ వెళ్లి, చేయి చాపి ప్రయోగం చేయొచ్చు. పదహారేళ్లప్పుడు ఫ్యాక్టరీలో కూర్చుని కొండల కోసం తపించిన కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలి? హైస్కూలు పిల్లలకూ వేసవి సైన్స్ శిబిరాలు నడిపారు. 1981లో జాన్ డేతో కలిసి, ఆకాశాన్ని కంటితో చూసి అర్థం చేసుకోవడం నేర్పే పుస్తకం రాశారు. 1993 జులై 25న, పుట్టిన ఊరు స్కెనెక్టడీలోనే, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మీ హాస్టల్లోనో, ఇంట్లోనో ఫ్రిజ్ ఉంటే ఒక పని చేయండి. సీల్ తీయని మినరల్ వాటర్ సీసాలు మూడు, ఫ్రీజర్లో కదలకుండా పడుకోబెట్టండి. పక్కనే మామూలు కుళాయి నీళ్ల సీసా ఒకటి పెట్టండి. రెండు గంటల తర్వాత నుంచి పావుగంటకోసారి మెల్లగా తెరిచి చూడండి. కుళాయి నీళ్లు గడ్డకట్టి, మినరల్ వాటర్ ఇంకా ద్రవంగా ఉందంటే అప్పుడు ఒక సీసా తీసి బల్లమీద కొట్టండి. రెండోదాని మూత తీసి చిటికెడు మంచు పొడి వేయండి. మూడోదాన్ని కదపకుండా వదిలేసి, ఎంతసేపు అలాగే ఉంటుందో టైము రాసుకోండి. ఫ్రీజర్‌లో పెట్టే థర్మామీటర్ దొరికితే ఉష్ణోగ్రత కూడా. మొదటిసారి నాలుగూ గడ్డకట్టేస్తాయి, ఎక్కువసార్లు అదే జరుగుతుంది. మర్నాడు మళ్లీ పెట్టండి.